ఏటివైపు వాకిళ్లు

కాకినాడ మెయిన్ రోడ్డు వెంబడి దక్షిణముగా నడచి, అంగళ్ల సందడి సన్నగిల్లినచోట వంతెన ఎక్కి, జగన్నాథపురము చేరకముందే నడుమ ఒక నిమిషము నిలిచి తూర్పునకు చూచినవానికి, ఉప్పుటేటి రెండు గట్లనూ పడవలు, ఆరవేసిన వలలు, తారుపీపాలు, వాటి వెనుక నల్లబడిన ఎత్తైన గోడలు, గోడలపై సగము రాలిన పెంకులు, పెంకుల సందున మొలచిన రావిమొక్కలు కనబడును. ఈ ఊరిలో పుట్టి, ఇక్కడనే చదువుకొని, ఇక్కడనే ముప్పది యేండ్లు బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి పొందిన నేను ఆ వంతెనను ఎన్ని వేలమార్లు దాటితినో లెక్కలేదు గాని, ఆ గోడలను ఒక్కమారైనను నిలిచి చూచినవాడను కాను. అవి గోదాములని తెలియును, పాతవని తెలియును. అంతకు మించి తెలిసికొనవలసినది ఏమైన నున్నదేమో యని, వానిలో ఒకదాని గోడమీద సున్నముతో అంకెలు వ్రాసి, కొలతటేపు పట్టుకొని ఇద్దరు కుర్రవాండ్రు తిరుగుచుండగా చూచిన నాడుగాని నాకు తోచలేదు.

ఆ అంకెలకు అర్థము ఊరిలో అందరకును తెలిసినదే. 2016లో కేంద్ర ప్రభుత్వమువారు మొదటి విడతగా ప్రకటించిన ఇరువది స్మార్ట్ నగరములలో మా ఊరి పేరు వచ్చిన పిమ్మట, టీకొట్ల వద్ద మాటలు గజముల మీదికి తిరిగినవి. గోదాములకు యజమానులైనవారి మనుమలలో కొందరు హైదరాబాదునను, కొందరు అమెరికాలోను ఉన్నారు. పెంకు జారినప్పుడెల్ల మరమ్మతు చేయించుటకంటె స్థలము అమ్మివేయుట వారికి సుళువు. వారిని తప్పుపట్టుటకు నేనెవ్వడను? నా ఇంటి పెరటిలో మా తాతగారు నాటిన పనసచెట్టును నేనే కొట్టించితిని. అయితే మా తాతగారు ఒక ఎగుమతి కంపెనీలో గుమాస్తాగా జీవితమంతయు గడపినది అట్టి గోదాములోనే గనుక, పోవునది పోకముందు దాని రూపమైనను పట్టియుంచవలెనను తలపు కలిగి, మా అబ్బాయి కొనియిచ్చి అలమరలో మూలపడియున్న కెమెరాను వెలికి తీసితిని.

మొదటి వారము తీసిన బొమ్మలన్నియు పనికిమాలినవి. రోడ్డు ఇరుకు, గోడ ఎత్తు, వెనుకకు పోవుటకు చోటు చాలక కెమెరాను పైకి ఎత్తినంతనే, నిట్టనిలువుగా ఉండవలసిన గోడలు రెండును పైభాగమున ఒకదాని మీదికి ఒకటి వాలి, కట్టడమంతయు వెనుకకు పడిపోవుచున్నట్లు వచ్చెడిది. పైగా ఆ వైపున చూపదగినదియు ఏమియు లేదు. ఒక చిన్న తలుపు, పైని ఇనుపకడ్డీల గవాక్షములు నాలుగు, సినిమా పోస్టర్లు. అనుమతికై ఒక కార్యాలయమునకు పోగా, అక్కడ ఒక ఉద్యోగి నా వయస్సును, కెమెరాను మార్చిమార్చి చూచి, 'ఈ కొంపలకు ఫోటోలెందుకండీ, మంచి పార్కు కట్టాక తీద్దురుగాని' అని కాగితము తిరిగి యిచ్చివేసెను. నేను గట్టున దిగాలుగా కూర్చుండియుండగా, పడవకు తారు పూయుచున్న ఒక ముసలి సరంగు నా సంగతి విని నవ్వి, 'రోడ్డు మీంచి తీత్తే ఏం కనపడద్దండి మేష్టారూ, దాని ఈపు కనపడద్ది. మొహం ఏటి కాడుంటది. రేపు పోటుకి రండి, పడవలో తిప్పుతాను' అనెను.

మరునాడు పడవ యెక్కి ఏటి నడుమకు పోయి వెనుదిరిగి చూచినప్పుడు, అరువదేండ్లు ఈ ఊరిలో ఉండియు ఈ ఊరి ముఖము నేను చూడలేదని నాకు స్పష్టమయ్యెను. రోడ్డువైపు మూగగా నిలిచిన ఆ గోడలకే, నీటివైపున వరుసగా కమానుల వాకిళ్లు. ఒక్కొక్క వాకిటిముందు రాతి అరుగు. అరుగుకు పడవలను కట్టు ఇనుపకడియములు. తలుపుపైన, గోడలో దిగగొట్టిన దూలము చివర కప్పీ వ్రేలాడిన కొక్కెము. దినములో నీటిమట్టము మారుచుండును గదా, పాటు వేళ చూచినయెడల ఆ అరుగు బురదపైన నిటారుగా, అందరాని ఎత్తున, అర్థములేని గోడవలె కనబడును. పోటు నిండినప్పుడు మాత్రము నేను నిలిచిన పడవ అంచును ఆ అరుగును ఒక్క మట్టమునకు వచ్చినవి. బస్తాను భుజము దించకుండ నడచిపోవుటకు తగినట్లు, అంగుళము తేడా లేక! ఆ మేస్త్రీ ఎవ్వడో గాని, కట్టుటకు ముందు ఎన్ని పున్నములు, ఎన్ని అమావాస్యలు ఈ గట్టున కూర్చుండి నీటిని చూచినాడో.

అప్పటినుండి నా పని పంచాంగమును పోటుపాట్లును చూచుకొని నడచినది. పోటు నిండి పాటు తీయకముందు నీరు నిలుచు కొద్దిపాటి సమయమున తప్ప పడవ కుదురుగా ఉండదు. ఉండకున్న బొమ్మ చెదరును. వెలుతురు సంగతి మరియొకటి. ఏరు పడమటినుండి తూర్పునకు పోవునది గనుక, ఊరివైపు గట్టున ఉన్న గోదాముల ముఖములు దక్షిణమునకును, జగన్నాథపురము వైపు గట్టునవి ఉత్తరమునకును ఉన్నవి. మొదటివాటికి మార్గశిర పుష్యమాసములలో సూర్యుడు దక్షిణమున వ్రాలి పగలెల్ల వెలుగిచ్చును. రెండవవాటికి సంవత్సరములో అధికభాగము నీడయే. మే నెల నడుమనుండి జూలై చివరివరకును సూర్యుడు ఉత్తరముగా ఉదయించినప్పుడు మాత్రము, తెల్లవారిన పిమ్మట ఒక గంటసేపు కిరణములు గోడను ఒరసికొనుచు పోవును. ఆ ఏటవాలు వెలుగులో, మధ్యాహ్నము చూచిన చదునుగా తోచు గోడ మీద, ఎన్ని పూతల క్రిందనో అణగిపోయిన పెద్ద పెద్ద ఇంగ్లీషు అక్షరములు నీటిలోనుండి చేపలు తేలినట్లు తేలినవి. కంపెనీ పేరు చదువుటకు చాలినన్ని అక్షరములు లేవు. చివరి 'కో' మాత్రము మిగిలినది. రెండు గట్లకును ఇట్లు రెండు ఋతువులు కావలసివచ్చుటచే నా పనికి ఏడాది పట్టెను. ఆ యేడాదిలోనే మూడు గోదాములు నేలమట్టమైనవి.

ఈ గోదాములు ఇక్కడ ఎందుకు పుట్టినవని అడిగినవారికి నేను చెప్పు సమాధానము ఒక్కటే: సముద్రమునకు లోతు లేదు గనుక. రేవనగా లోతైన నీరని తలచుట సహజము. మా రేవు చరిత్ర అంతయు లోతులేని నీటి చరిత్ర. గోదావరి ఏటేట తెచ్చి కలుపు ఒండ్రుమట్టి ఈ తీరమును తూర్పునకు జరుపుచు వచ్చినది. మాకు దక్షిణమున కోరంగి, ఒకనాడు ఓడలు కట్టిన రేవు. ఆ ఊరి పేరే బర్మాలో తెలుగువారందరికిని 'కోరంగీలు' అను పేరై నిలిచినది. 1789 డిసెంబరు ఉప్పెన దానిని ముంచినది; 'సైక్లోన్' అను మాటను తన 1848 నాటి గ్రంథమున లోకమునకిచ్చిన హెన్రీ పిడ్డింగ్టన్ ఆ ఉప్పెనను వర్ణించియున్నాడు. 1839 నవంబరులో మరియొకటి వచ్చినది. తుపానులు కొట్టిన దెబ్బను ఇసుక పూర్తిచేసెను. ఆ ఇసుకయే మరియొక వైపున మాకు మేలు చేసినది: నది తెచ్చిన ఇసుక సముద్రములో పదునారు కిలోమీటర్లకు పైబడి సన్నని దిబ్బగా పెరిగి, హోప్ ఐలండ్ అను పేర నేటికిని అలలను అడ్డుచున్నది. అందుచే కాకినాడ ఎదుట సముద్రము చెఱువువలె ప్రశాంతము, చెఱువువలెనే లోతులేనిది. పొగ ఓడలు మైళ్ల దూరమున లంగరు వేయవలసినదే. సరకులు నావలలో పోయి నావలలో రావలసినదే.

పోటు రావలెను, గాలి అనుకూలింపవలెను, ఓడ చేరియుండవలెను; ఈ మూడును ఒక్క దినమున కూడుట అరుదు. ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండము లేచినచో వారమునకు వారము నావ కదలదు. అంతదాక బస్తాలు ఎక్కడ ఉండవలెను? పొడినేల మీద, గట్టి గోడల నడుమ, నీటి వాకిటనే. ఓడ వచ్చి గోడను ఆనుకొని నిలిచెడి రేవులో ఇన్ని గోదాములు అవసరపడవు. మా ఊరి దొరల మేడలు, కోమట్ల లోగిళ్లు, హమాలీల పేటలు, తుదకు మా తాతగారి ఇరువది రూపాయల జీతము, సమస్తమును ఆ లోతులేని నీటికే ఋణపడియున్నవి.

జగన్నాథపురమున మొదట కొట్లు పెట్టినవారు వలందా వారు, అనగా డచ్చివారు. బందరులో వారి గుర్తుగా వలందపాలెమను పేట యున్నది. మా యొద్ద అట్టి పేరైనను మిగులలేదు. 1825లో వారు జగన్నాథపురమును ఇంగ్లీషువారికి వదలివేసిరి. అయినను నేను బొమ్మ తీసినవి వారి కట్టడములు కావు. ఇవి కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్ట తరువాతివి. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ఆ పని పొలములకు నీరిచ్చెనని బడిపిల్లలకు చెప్పుదుము. అది పడవలకు దారియు ఇచ్చినది. సామర్లకోట మీదుగా కాలువలో వచ్చు దోనెలు ధాన్యమును, నూనెగింజలను, లంక పొగాకును ఈ ఏటిదాక మోసికొనివచ్చినవి. పదేండ్లు గడచెనో లేదో అమెరికాలో అంతర్యుద్ధము రాగా, 1861 మొదలు 1865 వరకు అక్కడి ప్రత్తి ఆగిపోయి, లాంకషైరు మరలు ప్రపంచమంతయు ప్రత్తికై వెదకినప్పుడు, గుంటూరు కృష్ణా ప్రాంతముల ఎఱ్ఱజీర ప్రత్తి ఈ రేవునుండియే పోయి, పండిన పొలము పేరును కాక ఎక్కిన రేవు పేరును తెచ్చుకొని, విపణిలో 'కొకనాడా' అయినది. ఆ ఇంగ్లీషు ఉచ్చారణ ఇంకను చావలేదు. రైల్వేవారు టౌను స్టేషనుకు వాడు 'సి.సి.టి.' అను సంకేతములో మొదటి 'సి' కొకనాడాయే.

ఇదంతయు పుస్తకములలో నున్నది. పుస్తకములలో లేనిది ఒక వాకిటి చట్రము మీద చూచితిని.

జగన్నాథపురము వైపు మూడవ గోదాము లోపలికి కావలివాని దయవలన పోయితిని. లోపల చీకటి, పాత గోనెపట్టా వాసన, గబ్బిలముల రెక్కల చప్పుడు. గోడల అడుగుభాగమున ఉప్పు తేలి ఇటుక పిండిపిండిగా రాలుచున్నది. ఆ ఇటుక పోయినను, గానుగ సున్నపు అతుకులు మాత్రము తేనెపట్టు గదులవలె గట్టిగా నిలిచియున్నవి. అక్కడ రెండు ద్వారములు: భూమివైపు ఒకటి, ఏటివైపు ఒకటి. రెండింటి చట్రములును రంగము, అనగా రంగూను, టేకు. టార్చిలైటు ప్రక్కనుండి వేసి ఏటివైపు చట్రమును చూచుచుండగా, కుడివైపు నిలువు కొయ్య, భుజము ఎత్తున, మూర పొడవున, అద్దమువలె నునుపెక్కి, అరచేయి పట్టునంత గుంటపడియున్నది. ఎడమ కొయ్యకు అట్టిదేమియు లేదు; ఉలి గుర్తులు ఇంకను చేతికి తగులుచున్నవి. భూమివైపు ద్వారమునకు పోయి చూచితిని. అక్కడను ఒక్క ప్రక్కనే అరుగుదల. కాని ఆ నునుపు గోదాము లోనికి వచ్చువాని కుడిచేతి వైపున నున్నది.

కావలివాడు తండ్రి నాటినుండి హమాలీ కుటుంబమువాడు. నేను అడుగగా, అంత చిన్న సంగతి పంతులుకు తెలియకపోయెనే యన్నట్లు చూచి, 'బరువుతో పోయేవోడు కుడి, ఉత్తినే తిరిగొచ్చేవోడు కూడా ఆడి కుడేనండి, ఎదురు తగలకుండా. బస్తా ఉన్నోడిదే రాపిడి. ఉత్తోడు కర్రకెందుకు తగుల్తాడండి' అనెను. సరకు భూమివైపునుండి లోనికి వచ్చి ఏటివైపునుండి వెలుపలికి పోయినదని, తిరిగి వచ్చినవారు వట్టిచేతులతో వచ్చినారని, ఈ రేవు ఇచ్చినదేగాని పుచ్చుకొన్నది తక్కువయని, ఎగుమతి దిగుమతుల పట్టికలలో ఆర్థికవేత్తలు వెదకు సంగతి, కనీసము ఆ ఒక్క గోదాము మట్టుకు, ఆ రెండు కొయ్యలమీద వ్రాసియున్నది. దానిని తీసిన బొమ్మలే నేను తీసినవానిలో మేలైనవి. చూచినవారికి మాత్రము అవి ఏమియో చెప్పినగాని తెలియదు.

పెంకుల విషయమున నేను మోసపోతిని. మనము 'బెంగుళూరు పెంకు' అను మరపెంకు నిజమునకు మంగళూరుది. రాలిన ఒక పెంకును తిప్పిచూడగా బేసెల్ మిషన్ ముద్రయు, దానిప్రక్క 1865 అను అంకెయు కనబడినవి. గోదాము వయస్సు దొరికినదని ఉబ్బి, నలుగురికి చెప్పి, తరువాత సిగ్గుపడితిని. 1865 ఆ క్రైస్తవ మిషనువారు మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టిన సంవత్సరము. ఆ పెంకు ఆ యేటిదని చెప్పుటకు ఆధారము కాదు. మిఠాయి డబ్బా మీద దుకాణము పుట్టిన యేడాది అచ్చువేసినంత మాత్రమున లోపలి కాజా ఆ నాటిదగునా?

ఈ గట్టునుండి సరకులేగాక మనుష్యులును ఎగుమతియైరి. రంగము పోవు ఓడకై, మూటలు తలగడలుగా పెట్టుకొని, ఈ అరుగులమీదనే గోదావరి జిల్లాల కూలీలు రాత్రులు గడపెడివారని మా తాతగారు చెప్పగా విన్నాను. పోయి మూడేండ్లకు తిరిగివచ్చి రంగము డబ్బుతో పెంకుటిల్లు కట్టినవారు కలరు, తిరిగిరానివారును కలరు. 1930 మే నెలలో రంగూను రేవుకూలీల తగవు తెలుగువారికిని బర్మావారికిని అల్లరులై చెలరేగినప్పుడు, ఇక్కడ ఒక్కొక్క ఓడ వచ్చినప్పుడెల్ల, ఈ గట్టున ఆడువారు నావలలోని ముఖములను వెదకుచు నిలిచెడివారట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముతోపాటు మా రేవుమీదను బాంబులు వేసినవి. మా తాతగారు ఆ దినము లెక్కపుస్తకములను చంకబెట్టుకొని, చెప్పులు మరచి, పిఠాపురము దారిలో నడచిపోయిరి. చెప్పులకంటె పుస్తకములేల ముఖ్యమైనవని మా నాయనమ్మ చనిపోవువరకు దెప్పుచుండెడిది.

రేవు క్షీణించుట ఒక్కనాటిది కాదు. 1900లో రాజమహేంద్రవరము వద్ద గోదావరికి రైలువంతెన పడగానే కాలువ దోనెలకు పోటీ వచ్చినది. 1933లో విశాఖపట్టణమున ఓడలు లోనికి వచ్చి నిలుచు రేవు తెరచిరి. అయినను మా నావలు ఆగలేదు. నేటికిని బియ్యపు బస్తాలతో బార్జీలు లంగరు వేసిన ఓడలకు పోవుచునే యున్నవి. కాని 1997లో ఊరికి ఉత్తరమున లోతునీటి రేవు ఏర్పడి ఓడ గోడను తాకినది. మంచిదే; నా శిష్యులలో పలువురకు అక్కడ ఉద్యోగములు. సముద్రమునకు లోతు వచ్చిన దినముననే ఏటివైపు వాకిళ్లకు పని తప్పినది. మిగిలినది పెంకులు రాలుటయే.

మూడవ గోదామును మొన్న భాద్రపదములో పడగొట్టిరి. నేను పోవునప్పటికి పొక్లెయిను పని ముగించి, ఇటుకలు ట్రాక్టర్లకెత్తుచున్నారు. తలుపులు, చట్రములు అంతకు ముందే పోయినవని కావలివాడు చెప్పగా, ఎవరు కొన్నారో కనుగొని, ఆ కలప అడితికి ఆటోలో పోతిని. ఆ చట్రమును కొని ఇంట పెట్టుకొందునని కాదు. మా ఇంటిలో అంత గోడ లేదు. గుంట లోతు కొలువనేలేదని జ్ఞాపకము వచ్చి, జేబులో స్కేలు పెట్టుకొని పోయితిని.

అడితిలో ఒక కుర్ర వడ్రంగి రెండు బల్లల మీద ఆ నిలువు కొయ్యను పడుకోబెట్టి చిత్రిక పట్టుచున్నాడు. నేను చేరునప్పటికి సగమునకు పైగా అయినది. భుజము ఎత్తున నుండిన భాగము ఏదో నాకు తెలియకుండ పోయెను. క్రింద తెల్లని ఉంగరములుగా పొట్టు చీలమండలదాక కుప్పపడియున్నది. టేకు వాసన అడితి నిండ నిండియున్నది. నేను అట్లే నిలిచియుండుట చూచి, కొనవచ్చినవాడనుకొని, వాడు చిత్రిక ఆపి, కొయ్యను అరచేతితో తట్టి చూపుచు, 'చూడండి మేష్టారూ, పైన మురిగ్గా ఉంది గానండి, లోపల ఇయ్యాల కోసినట్టుంది కర్ర' అనెను.